కోనసీమ నుంచి అండమాన్: అమ్మతో, పిల్లలతో వెళ్తున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి

కోనసీమ_కొబ్బరి

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లె. సంక్రాంతి వెళ్లాక కాస్త తీరిక దొరుకుతుంది. ఎన్నో ఏళ్లుగా వాయిదా పడుతున్న అండమాన్ ప్రయాణం ఈసారి ఖాయం చేసుకున్నాం. నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మా అమ్మ వెళ్తాం. అమ్మకి అరవై దాటాయి, బీపీ మాత్రలు వాడుతుంది. బాబుకి నీళ్లలోకి దిగి పగడపు దిబ్బలు, రంగు చేపలు చూడాలని ఒకటే పట్టు. నాకూ స్కూబా, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీళ్ల కిందికి దిగడం, చెయ్యాలని ఉంది. ఈత వచ్చు గానీ అది పంట కాలవలో నేర్చుకున్న ఈత. ఓడలరేవు, అంతర్వేది అలలు చూసి పెరిగినవాళ్లం. మొల లోతు దాటి వెళ్లొద్దని పెద్దవాళ్లు చెబితే ఎప్పుడూ వెళ్లలేదు.

ఏజెంటు ఒకాయన ఇచ్చిన ప్లానులో వారం రోజులకే పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్ గుహలు, డిగ్లీపూర్ అన్నీ ఉన్నాయి. ఇంకొకాయన అండమాన్ ఎందుకు, లక్షద్వీప్ వెళ్లండి అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు, అక్కడే ఉంటున్నవాళ్లు దయచేసి చెప్పండి.

మండపేట_ట్రావెలర్

ఆ ప్లానుకి ఒప్పుకోకండి. డిగ్లీపూర్ ఉత్తర అండమాన్‌లో ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకి పైనే. వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు పోతాయి. అక్కడ రాస్, స్మిత్ దీవుల్ని కలిపే ఇసుక దారి, కాలిపూర్‌లో తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం చాలా బాగుంటాయి, కాదనను. కానీ పెద్దావిడతో, చిన్న పాపతో వారంలో అదీ ఇరికిస్తే ఎక్కువ సేపు కారులోనే గడుస్తుంది. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ చాలు.

పేర్ల విషయం ముందే తెలుసుకోండి. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కి షహీద్ ద్వీప్ అని పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద ఏ పేరు కనిపించినా కంగారు పడొద్దు.

ఇంకోటి, అక్కడా మన గడియారమే, కానీ ఊరు మనకంటే బాగా తూర్పున ఉంది. జనవరిలో తెల్లవారుజామునే వెలుగు వచ్చేస్తుంది, సాయంత్రం అయిదున్నర దాటితే చీకటి. పొద్దున్నే బయల్దేరే అలవాటు ఉన్నవాళ్లకే ఆ ఊరు దక్కుతుంది.

రాజోలు_టీచర్

బాబూ, నెల బాగా ఎంచుకున్నారు. "అండమాన్ సముద్రంలో అల్పపీడనం" అని రేడియోలో వినగానే కుప్పలు నూర్చుకునే తొందర పడే జిల్లా మనది. మనకి తుపాను భయం ఉండే అక్టోబరు, నవంబరుల్లో అక్కడా సముద్రం కుదురుగా ఉండదు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా, నెమ్మదిగా ఉంటాయి.

మీ అమ్మగారి గురించి చెబుతాను, నేనూ ఆ వయసుదాన్నే. నీల్‌లో ఎక్కువ సేపు ఉంచండి. హావ్‌లాక్ కంటే చిన్నది, నేల సమంగా ఉంటుంది, కొబ్బరి, పోక, కూరగాయల మళ్లు, అరటి. బెంగాలీ రైతులు సాగు చేస్తారు. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్లే కూరగాయల్లో చాలా భాగం అక్కడివే. ఆవిడకి ఊరు కొత్తగా అనిపించదు. భరత్‌పూర్ బీచ్‌లో అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కిస్తే కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని పగడాలు చూస్తారు. లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది. నీరు తీసిన వేళే అక్కడికి నడవగలం, అప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో సముద్రపు దోసకాయలు (దోసకాయలా కనిపించే జీవులు), చిన్న పీతలు, చేపలు కనబడతాయి. రాళ్లు జారతాయి, అమ్మగారికి చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. ఏ వేళకి నీరు తీస్తుందో ముందు రోజే బసలో అడిగి ఉంచుకోండి.

హావ్‌లాక్‌లో రాధానగర్ తీరానికి సాయంత్రం తీసుకెళ్లండి. వెనకాల నిటారుగా పెద్ద మాన్లు, ముందు తెల్లటి ఇసుక. ఇసుక ఈగలు కుడతాయి, పిల్లల కాళ్లకి కొబ్బరి నూనె పట్టించండి.

లోతునీళ్లు

డైవింగ్ సంగతి నేను చెబుతాను. మాది కాకినాడ, సెలవులు దొరికితే నీళ్ల కిందే ఉంటాను. కాబట్టి కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

మొదటిసారి చేసేవాళ్లకి కోర్సు అక్కర్లేదు. శిక్షకుడు పక్కనే ఉండి తీసుకెళ్లే పరిచయ డైవ్ ఉంటుంది. ఈత రానివాళ్లు కూడా చెయ్యొచ్చు. పదేళ్లు నిండాలి, కాబట్టి మీ బాబు చెయ్యొచ్చు, పాప కాదు. లోతు 12 మీటర్లు దాటకూడదని నియమం. మొదటిసారి వాళ్లకి అంత లోతు కూడా అవసరం లేదు, ఆరేడు మీటర్లలోనే కావాల్సినంత కనబడుతుంది. బాబుకి ఇది బాగా నచ్చితే ఓపెన్ వాటర్ కోర్సు తర్వాత చేయించండి. దానికి ఈత పరీక్ష ఉంటుంది, మూడు నాలుగు రోజులు పడుతుంది.

అసలు భయం చెవుల దగ్గర వస్తుంది. నీళ్లలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. దిగేటప్పుడు ముక్కు మూసుకుని మెల్లగా ఊదుతూ చెవుల్ని సర్దుకుంటూ పోవాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, కొంచెం దిగినప్పుడల్లా. సర్దుకోకపోతే శిక్షకుడికి సైగ చేసి కాస్త పైకి రండి. జలుబు ఉంటే ఆ రోజు దిగొద్దు. డబ్బు కట్టేశాం కదా అని మాత్ర మింగి దిగేవాళ్లని చూశాను, చెవి తెర చిరిగితే ఆ తర్వాత నెలల బాధ.

రెండో నియమం, నీళ్లలో ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు. పది మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు అవ్వాలని చూస్తుంది. బిగపడితే వెళ్లే దారి ఉండదు, ఊపిరితిత్తికి దెబ్బ తగులుతుంది. మెల్లగా, ఆగకుండా ఊపిరి తీస్తూ వదులుతూ ఉంటే చాలు. కాలవ ఈత వచ్చినవాళ్లకి ఇక్కడే చిక్కు, ముక్కు మునగగానే ఊపిరి బిగపట్టడం మనకి చిన్నప్పటి అలవాటు. ముందు నడుం లోతు నీళ్లలో ఈ ఒక్కటీ సాధన చేయించమని శిక్షకుణ్ణి అడగండి, మంచివాళ్లు తప్పకుండా చేయిస్తారు.

మూడోది చాలామందికి తెలియదు. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ అయితే 18 గంటలు ఆగాలి. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. విమానంలో గాలి ఒత్తిడి తక్కువ, అక్కడ అది బుడగలు కడితే ప్రమాదం. అందుకని డైవ్‌ని మధ్య రోజుల్లో పెట్టి, ఆఖరి రోజు సెల్యులర్ జైలుకి ఉంచుకోండి.

అమ్మగారికి డైవ్ వద్దు. మీకు కూడా ఆరోగ్య ప్రశ్నల కాగితం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్ లాంటివి ఏవి ఉన్నా దాచకుండా రాయండి. ఒక్క శిక్షకుడు ముగ్గురు నలుగురు కొత్తవాళ్లని తీసుకెళ్లే చోట చెయ్యకండి. మనిషికి ఒకరు ఉన్నారా, శిక్షకుడికి PADI గానీ SSI గానీ (డైవింగ్ శిక్షణ సంస్థలు) ఇచ్చిన కార్డు ఉందా, పడవలో ఆక్సిజన్ ఉందా అని అడగండి. చిరాకు పడితే పక్క షాపుకి వెళ్లండి.

కోనసీమ_కొబ్బరి

లోతునీళ్లు గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. ఏజెంటు మాకు తిరిగి వచ్చే రోజు పొద్దున డైవ్, మధ్యాహ్నం విమానం పెట్టాడు. అది మార్పించేస్తాను.

మా బాబు ఇది చదివి ఒక ప్రశ్న అడిగాడు. మన సముద్రం, ఆ సముద్రం ఒకటే బంగాళాఖాతం కదా, మనకి పగడాలు ఎందుకు లేవు అని. నాకు జవాబు తెలియలేదు.

కోరంగి_మడ

బాబుకి నా తరఫున శభాష్ చెప్పండి. జవాబు గోదావరే. పగడం ఒక జీవి. దాని ఒంట్లో ఆల్గే అనే సూక్ష్మమైన నాచు ఉంటుంది, అది ఎండతో ఆహారం తయారు చేసి పగడానికి పెడుతుంది. అందుకే పగడానికి తేటనీళ్లు, ఎండ, నిలకడగా ఉప్పు కావాలి. మన గోదావరి త్ర్యంబకం నుంచి 1,465 కిలోమీటర్లు వచ్చి వానాకాలం అంతా ఒండ్రు, మంచినీళ్లు సముద్రంలోకి తోస్తుంది. ఎండ అడుగుకి చేరదు, ఉప్పు తగ్గిపోతుంది, మట్టి పైన పేరుకుంటుంది. పగడం బతకదు. కానీ అదే ఒండ్రు మీద కోనసీమ పుట్టింది, కోరంగి మడ అడవి పెరిగింది.

అండమాన్‌లో అంత పెద్ద నది లేదు. అవి మయన్మార్ అరకాన్ కొండల వరుస సముద్రంలో మునిగితే పైకి తేలిన శిఖరాలు. ఎనభై శాతానికి పైగా అడవి. ఆ అడవి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి కాబట్టి నీళ్లు తేటగా ఉంటాయి. కొండ మీద చెట్టు నరికితే ముందు చచ్చేది కింద నీళ్లలో ఉన్న పగడం. ఇది బాబుకి తప్పకుండా చెప్పండి.

తెల్ల ఇసుక గురించి కూడా చెప్పండి. మన ఇసుక దక్కను రాళ్లు, తూర్పు కనుమలు అరిగి వచ్చింది. అక్కడి ఇసుకలో చాలా భాగం పగడాలు, గవ్వలు అరిగిందే. చిలక చేప అని ఉంటుంది, గట్టి ముక్కుతో పగడాన్ని కొరికి మిగిలింది ఇసుకగా విసర్జిస్తుంది. నీళ్లలో నిశ్శబ్దంగా ఉంటే ఆ కొరికే చప్పుడు వినబడుతుంది.

ఒక బాధ కూడా ఉంది. సముద్రం వేడెక్కితే పగడం తన ఆల్గేని బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది. 1998లో, 2010లో, 2016లో అండమాన్‌లో ఇది జరిగింది. 2004 సునామీ భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి, నీళ్లలో ఉండాల్సిన దిబ్బలు ఎండకి బయటపడి చచ్చిపోయాయి. నికోబార్ వైపు నేల కుంగింది. కాబట్టి కొన్ని చోట్ల విరిగిన బూడిద రంగు దిబ్బలు కనబడతాయి. ఫోటోల్లో ఉన్నట్టు లేదని నిరాశ పడకండి, వాటి మీద మళ్లీ మొలుస్తున్న చిన్న పగడాలు వెతకండి.

తాకొద్దు, మీద నిలబడొద్దు. కొన్ని రకాలు ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగవు. ఒడ్డున పడి ఉన్న ముక్క కూడా తీసుకోవద్దు. పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుకుంటారు. సన్‌స్క్రీన్ పూసుకుని దిగే బదులు పొడుగు చేతుల ఈత చొక్కాలు కొనండి.

యానాం_బోటు

లక్షద్వీప్ గురించి అడిగారు. అవి నిజమైన పగడపు దీవులు, మధ్యలో మడుగు, చుట్టూ దిబ్బ. ఏడేళ్ల పాప మడుగులో హాయిగా ఆడుకోవచ్చు, నీటి రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ మనవాళ్లకీ ప్రవేశ అనుమతి కావాలి, కొచ్చి మీదుగా వెళ్లాలి, గదులు తక్కువ. అక్కడ అడవి, కొండ, జైలు, గుహ ఏవీ ఉండవు. అమ్మగారితో మొదటిసారి అయితే అండమానే నయం.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, అప్పుడప్పుడే నడుస్తుంది. దాదాపు రెండున్నర, మూడు రోజులు నీళ్ల మీద. కుర్రాళ్లకి బాగుంటుంది. మీరు చెన్నై దాకా సర్కార్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుని, అక్కడ నుంచి విమానం ఎక్కండి.

మండపేట_ట్రావెలర్

అన్నీ చెప్పారు గానీ బారాటాంగ్ ఎవరూ చెప్పలేదు. సున్నపురాయి గుహలు చాలా బాగుంటాయి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర వాహనాలతో సహా దాటిస్తారు, అచ్చం మన సఖినేటిపల్లి రేవులో పంటులాగే. తర్వాత స్పీడ్ బోటులో మడ చెట్ల గొడుగు కింద వెళ్లాలి. తెల్లవారుజామున లేచే ఓపిక ఉంటే పెట్టుకోండి.

కోరంగి_మడ

అన్నా, నేను వద్దంటాను. బారాటాంగ్ వెళ్లే రోడ్డు జార్వా అనే ఆదివాసుల రిజర్వు మధ్యలోంచి పోతుంది. వాళ్లు కొన్ని వందల మందే. 1998 నుంచే బయటివాళ్లతో స్నేహంగా కలవడం మొదలైంది, 1999లో తట్టు వ్యాపించి చాలామంది జబ్బు పడ్డారు. రిజర్వులో ఉన్న రోడ్డు భాగం మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ కాన్వాయ్‌లు నడుస్తున్నాయి. ఆపడం, ఫోటో తియ్యడం, తినేవి ఇవ్వడం నేరం, ఆ నియమాలు మంచివే. కానీ కారులో కూర్చున్న ప్రతివాడి కళ్లూ అడవిలో మనుషుల కోసమే వెతుకుతాయి. గుహ పేరు చెప్పి మనం వాళ్ల ఇంటి ముంగిట్లోంచి వెళ్తున్నాం.

మండపేట_ట్రావెలర్

నువ్వు చెప్పింది అర్థమైంది. కానీ ఆ రోడ్డు టూరిస్టుల కోసమే కాదు, రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ జనానికి ఆసుపత్రికి రావాలన్నా అదే దారి. బారాటాంగ్‌లో పడవ నడిపేవాళ్లు, టీ కొట్టు పెట్టుకున్నవాళ్లు మన మీదే బతుకుతున్నారు. వాళ్లనీ లెక్కలోకి తీసుకోవాలి.

జంగ్లీఘాట్_తెలుగు

ఇద్దరూ చెప్పింది నిజమే. నేను ఇక్కడే పుట్టాను, మా తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి వచ్చి స్థిరపడ్డాడు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో ప్రతి వందమందిలో పదమూడు మంది తెలుగువాళ్లం. జంగ్లీఘాట్ చేపల బజారులో తెలుగులోనే బేరం ఆడొచ్చు.

రోడ్డు మాకు అవసరం. కానీ అవసరం మీద వెళ్లేవాడు వేరు, చూడ్డానికి వెళ్లేవాడు వేరు. మీకు వేరే చోట్లు లేకపోతే ఆలోచించాలి, చాలా ఉన్నాయి. మడ చెట్లు మీకు కాకినాడ పక్కనే 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యంలో ఉన్నాయి. ఆ రోజుని పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూరు వైపు పెట్టుకోండి. 1983లో పెట్టిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు అక్కడిదే. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవుల్ని మార్చి మార్చి తెరుస్తారు, రెండోదానికి విశ్రాంతి ఇస్తారు. మీరు వచ్చే నెలల్లో మామూలుగా జాలీబాయ్ తెరిచి ఉంటుంది. ప్లాస్టిక్ ఒక్కటి కూడా తీసుకెళ్లనివ్వరు. అమ్మగారు పడవ అద్దంలోంచి, పిల్లలు లైఫ్ జాకెట్‌తో తేలుతూ ఒకే చోట పగడాలు చూడొచ్చు. పడవ ముందే బుక్ చేసుకోండి.

పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్లు, సముద్రం బొమ్మ గుర్తుందా? మౌంట్ హారియట్ కొండ వైపు దృశ్యం అది. ఆ కొండకి 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. అడవి, పక్షులు కావాలంటే అక్కడికి, లేదా సాయంత్రం చిడియాటాపుకి వెళ్లండి.

ఒక్క మాట భయపెట్టడానికి కాదు, జాగ్రత్తకి. ఇక్కడ ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, వాగు సముద్రంలో కలిసే చోట, చీకటి పడ్డాక నీళ్లలోకి దిగొద్దు. లైఫ్‌గార్డు ఈల వేస్తే వెంటనే బయటికి రండి.

రాజోలు_టీచర్

సెల్యులర్ జైలులో పిల్లలకి ఒక మాట చెప్పండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. 1922–24 రంప పోరాటంలో పట్టుబడిన మన్యం మనుషుల్ని కూడా అక్కడికి పంపారు. మన గోదావరి కొండలవాళ్లు. లోపల రాసి ఉన్న పేర్లలో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లని వెతికి, కాసేపు నిలబడి చదవండి. మేం అక్కడ అందరికంటే ఎక్కువ సేపు నిలబడ్డాం.

కోనసీమ_కొబ్బరి

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. ఏజెంటుతో మాట్లాడాను. డిగ్లీపూర్, బారాటాంగ్ తీసేశాం. మొదట హావ్‌లాక్, అక్కడ నాకూ బాబుకీ డైవ్, తర్వాత నీల్‌లో రెండు రాత్రులు, తిరిగి వచ్చాక జాలీబాయ్, చివర్లో జైలు, పోర్ట్ బ్లెయిర్ పక్కనే ఉన్న రాస్ దీవి (డిగ్లీపూర్ రాస్ కాదు). డైవ్‌కీ విమానానికీ మధ్య చాలా గడువు ఉంది. ఇంకో రెండు సందేహాలు. హావ్‌లాక్ వెళ్లే ఫెర్రీలో అమ్మకి వాంతులు అవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఫోన్లు పనిచేస్తాయా?

జంగ్లీఘాట్_తెలుగు

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక నెట్ చాలా మెరుగైంది. అయినా దీవుల్లో ఒక్కోసారి పోతుంది, కొంత నగదు దగ్గర ఉంచుకోండి, టికెట్లు కాగితం మీద తీసి పెట్టుకోండి.

ఫెర్రీ రెండు గంటలు అటూ ఇటూ. పొద్దున మొదటి ఫెర్రీ తీసుకోండి, గాలి తక్కువ ఉంటుంది. మధ్య వరసలో, వెనక వైపు సీట్లు అడగండి, ఊపు తక్కువ. ఎక్కడానికి ముందు ఇడ్లీ లాంటిది కొంచెం తినిపించండి, ఖాళీ కడుపుతోనూ వద్దు, కడుపు నిండానూ వద్దు. వాంతుల మాత్ర ఎక్కడానికి అరగంట ముందే వెయ్యాలి. అయితే ఆవిడ బీపీ మాత్రలతో పడుతుందో లేదో అమలాపురంలోనే డాక్టరుని అడిగి తెచ్చుకోండి. తేదీలు ఖాయం అయ్యాక ఇక్కడ రాయండి, జాలీబాయ్ పడవ ఏ రోజు నడవదో చూసి చెబుతాను.

కోనసీమ_కొబ్బరి

ఆయ్, అలాగేనండి. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. తేదీలు ఆదివారం లోపు పెడతాను.